ఎర్రనీళ్లు

నెలకో మంగళవారం, తెల్లారకముందే,
ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద
ఐసుపొడిలో కాలు జారకుండా సీసాల పెట్టె దించుతాను.
చోడిపల్లి ఎల్లాజీ మరపడవ
మూడుసార్లు దగ్గి నాలుగోసారికి లేస్తుంది.
డాల్ఫిన్స్ నోస్ దీపం వీపు మీద ఒక తట్టు తట్టి
అటు తిరిగిపోతుంది.

పద్దెనిమిదేళ్లుగా అదే చోటు.
గుర్తేమీ లేదక్కడ, నీళ్లు తప్ప.
అక్షాంశం ఇంత, రేఖాంశం ఇంత అంటుంది నా పుస్తకం.
ఎల్లాజీ యారాడ కొండ భుజాన్నీ
పోర్టు క్రేను మెడనీ ఒక గీతలో పెట్టి
"ఇక్కడేనమ్మా" అంటాడు.
ఇద్దరి లెక్కకీ ఎప్పుడూ తేడా రాలేదు.

సీసా నింపడం నేర్చుకోడానికే నాకు ఏడాది పట్టింది.
గొట్టం అడుగుదాకా దించాలి, నీళ్లు పొంగి పొర్లాలి,
ఒక్క బుడగ మిగిలినా
ఈ పూట గాలి సాక్ష్యంలో వేలు పెట్టినట్టే.
ఆపైన పాదరసం మందు, కొన్ని చుక్కలు,
కంటికానని ప్రాణులు దారిలో ఊపిరి తీసి
లెక్క మార్చకుండా.
ఎన్నిటిని చంపానో, ఆ పద్దు మాత్రం రాయలేదు.

"ఏటి సూత్తన్నావమ్మా ఈ నీల్లల్లో, ఇన్నేల్లబట్టీ?"
పొగ, అన్నాను.
నవ్వాడు. "పొగ పైన కదా ఉంటాది!"
పైకి పోయినదాంట్లో నాలుగోవంతు దాకా
ఈవిడే మింగుతోంది ఎల్లాజీ.
గాజువాక లారీలది, నీ మోటారుది, నా స్కూటీది,
మనం పేరు వినని ఊళ్లది.
"అయితే పుల్లగైపోనాదా?"
లేదు. పులుపింకా చాలా దూరం.
సున్నపుతేట బలం తగ్గుతోంది, అంతే.

ఏట్లో చింతపండు పిసికినట్టు అని
ఎన్నిటిని తీసిపారేశాం!
ఏళ్లన్నీ వచ్చి కలిసేచోట
అందరం ఒకేసారి చేతులు పెట్టి
రెండువందల ఏళ్లు పిసికితే ఏమవుతుందో
సామెత చెప్పలేదు.
లోకం మొత్తం మీద ఎనిమిది పాయింట్ రెండు ఉండేదట,
ఇప్పుడు ఎనిమిది పాయింట్ ఒకటి.
"ఇంతేనా!" అంటారు ల్యాబు చూడవచ్చిన పెద్దలు.
ఈ నిచ్చెన మెట్లు సమానంగా ఉండవని చెప్పేలోపు
వాళ్ల టీ అయిపోతుంది.
పైగా మన తీరంలో వానలకి ఏటినీళ్లొచ్చి పడతాయి;
నా గీత ఒక ఏడు పైకి, ఒక ఏడు కిందకి
తాగినవాడిలా నడుస్తుంది.
తూలినా, ఇంటిదారి తప్పని తాగుబోతు.

ఎల్లాజీ తల్లి కొండాలమ్మ
పెదజాలరిపేటలో ఒకప్పుడు గుల్ల కాల్చేది.
ఆల్చిప్పలూ నత్తగుల్లలూ బట్టీలో పేర్చి,
ఊది, చల్లి, బుసబుసలాడే సున్నం తీసేది.
ఇప్పుడు బట్టీ లేదు, చేతులమీద మచ్చలున్నాయి.
ఒడ్డున ఒక గుల్ల ఏరి, బొటనవేలితో రుద్ది
"పలసబడినాదే" అంది.
అది నా కొలత కాదు, ఆమె వేలిది.
పుస్తకంలో రాయలేదు.
మనసులో కొట్టేయనూ లేదు.

పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని
నాకు చెప్పింది కాలేజీ కాదు,
అక్క పెళ్లిలో పారాణి గిన్నె.
మొన్న ఎల్లాజీ కొత్త పడవ దించిన పూట
కొండాలమ్మ పళ్లెంలో ఆ ఎర్రనీళ్లే కలిపింది.
మూడుసార్లు తిప్పింది.
పడవకి కాదు, పడవ వైపు వీపు పెట్టి
నీళ్లకి.
"గంగమ్మకీ తగుల్తాది కదేటి దిష్టి," అంది ఎవరితోనో.

అల అంచున పోసింది.
ఎరుపు ఒక్క క్షణం నిలబడి,
పసుపై,
పోయింది.

ఎంతసేపట్లో రంగు మారిందో చూద్దామని
నా చెయ్యి వాచీ మీదికి వెళ్లింది.
సిగ్గేసి, కొంగులో దాచుకున్నాను.